తక్కువ కార్బ్స్ తిండిలో పళ్లకు చోటు: వంటింటి డిజిటల్ తూకం ఎంతవరకు పనికొస్తుంది?

కార్బ్స్ (కార్బోహైడ్రేట్లు, అంటే పిండి, చక్కెర పదార్థాలు) తగ్గించి బరువు తగ్గాలనుకునేవాళ్లు పళ్ల దగ్గర రెండు రకాలుగా పొరబడుతుంటారు. కొందరు తియ్యగా ఉంటాయని పళ్లన్నీ ఒకేసారి మానేస్తారు. కొన్నాళ్లకు మలబద్ధకం మొదలవుతుంది, తీపి మీదకు మనసు లాగుతూ ఉంటుంది, చివరికి డైటే వదిలేస్తారు. ఇంకొందరు పండే కదా, పంచదార కాదు కదా అని గిన్నెడు ద్రాక్ష తినేసి, మూడు వారాలుగా బరువు ఎందుకు కదలడం లేదో అర్థంకాక తల పట్టుకుంటారు. ఫలానా పండు మంచిది, ఫలానాది చెడ్డది అనే జాబితాలు వీళ్లిద్దరికీ పెద్దగా ఉపయోగపడవు. అరటిపండు 50 గ్రాములు తింటే ఒక లెక్క, 150 గ్రాములు తింటే ఇంకో లెక్క. ఆ తేడా చెప్పగలిగేది గ్రాముల్లో తూచే చిన్న తూకం ఒక్కటే.

ఈ సమీక్ష ఏదో ఒక కంపెనీ మోడల్ గురించి కాదు. పైన చదునైన పళ్లెం, ముందు చిన్న తెర, రెండు బటన్లు, 5 కిలోల దాకా సామర్థ్యం, ఒక్కో గ్రాము చొప్పున చూపించే మామూలు డిజిటల్ కిచెన్ స్కేల్ గురించి. కేకులకు పిండి తూచడానికి అది ఎలా ఉంటుందో ఇక్కడ పట్టించుకోలేదు. రోజుకు ఇన్ని కార్బ్స్ అని హద్దు పెట్టుకున్న మనిషి ఆ హద్దు లోపల పళ్లు తినడానికి అది ఎంత సాయం చేస్తుంది, ఎక్కడ దెబ్బకొడుతుంది అన్న ఒక్క కోణంలోనే చూశాం. మా తీర్పు ముందే చెప్పేస్తాం: రోజుకు 20 నుంచి 100 గ్రాముల మధ్య కార్బ్స్‌తో గడిపేవాళ్లకు ఇది తప్పనిసరి వస్తువు. 130 గ్రాములకు దగ్గరగా తినేవాళ్లకు మొదటి నెల ఉంటే చాలు.

లెక్క ఇలా

తూకం ఇచ్చేది బరువు మాత్రమే. దాన్ని కార్బ్స్‌గా మార్చుకోవడానికి ఒక్క అంకె తెలియాలి: ఆ పండు తినదగిన భాగంలో 100 గ్రాములకు నెట్ కార్బ్స్ ఎన్ని అని. మొత్తం కార్బోహైడ్రేట్లలోంచి పీచు తీసేస్తే మిగిలేది నెట్. ఎన్ని కార్బ్స్ పళ్లకు కేటాయించుకున్నారో ఆ సంఖ్యను నెట్ కార్బ్స్‌తో భాగించి 100తో గుణిస్తే ఎన్ని గ్రాముల పండు తినొచ్చో వస్తుంది.

పళ్లకు 10 గ్రాముల నెట్ కార్బ్స్ కేటాయించారనుకుందాం. ఆ పదింటికి బ్లాక్‌బెర్రీలైతే సుమారు 230 గ్రాములు, రాస్ప్‌బెర్రీలు 185, స్ట్రాబెర్రీలు 175 వస్తాయి. పుచ్చకాయ, కర్బూజా గుజ్జు 140 దాకా. జామ, బొప్పాయి 110, కమలాతొనలు 105. యాపిల్ 88, కివి, పైనాపిల్ 85, బ్లూబెర్రీ 83. ఇక్కడి నుంచి గిన్నె బాగా చిన్నదవుతుంది: మామిడి ముక్కలు 75, దానిమ్మ గింజలు 68, ద్రాక్ష 58, అరటిపండు 50. ఎండినవాటికి వస్తే ఖర్జూరం 15, ఎండుద్రాక్ష 13 గ్రాములే. మధ్యరకం స్ట్రాబెర్రీ ఒకటి దాదాపు 12 గ్రాములుంటుంది కాబట్టి ఆ 175 అంటే పద్నాలుగు పళ్లు. పెద్దరకం ఖర్జూరం గింజ తీశాక ఒక్కటే 24 గ్రాములుంటుంది, అంటే ఒక్క పండుతోనే 16 గ్రాముల కార్బ్స్ అయిపోతాయి. ఈ వరుసను కాగితం మీద రాసి తూకం ఉండే అర తలుపుకు అతికించుకుంటే చాలు, యాప్ అక్కర్లేదు.

జామను ఒకసారి గమనించండి. మొత్తం కార్బోహైడ్రేట్లు 100 గ్రాములకు 14 పైనే, యాపిల్ కంటే ఎక్కువ. కానీ పీచు 5.4 గ్రాములు ఉండడం వల్ల నెట్‌లో యాపిల్‌కంటే కిందికి వస్తుంది. రాస్ప్‌బెర్రీది ఇంకా విచిత్రం: ఉన్న 12 గ్రాముల్లో సగానికి పైగా, 6.5 గ్రాములు, పీచే. ద్రాక్షలో పీచు గ్రాము కూడా ఉండదు. నాలుకకు తెలిసే తీపి ఈ సంగతి చెప్పదు. పుచ్చకాయ ఎంత తియ్యగా ఉన్నా అందులో 91 శాతం నీళ్లే, 100 గ్రాములకు 7 గ్రాములే కార్బ్స్. దాని గ్లైసీమిక్ ఇండెక్స్ (తిన్నాక రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే కొలత) ఎక్కువని భయపెట్టే జాబితాలు మామూలుగా తినే ముక్కలో కార్బ్స్ ఎంత తక్కువో చెప్పవు.

పళ్లకు ఎంత కేటాయించాలి అన్నది మొత్తం హద్దును బట్టి ఉంటుంది. రోజుకు 20 గ్రాములు మాత్రమే తినేవాళ్లకు 4, 5 గ్రాములు మించితే కూరగాయలకు చోటుండదు. అంటే 80 గ్రాముల స్ట్రాబెర్రీ, లేదా 100 గ్రాముల బ్లాక్‌బెర్రీ. అరటి, మామిడి, ద్రాక్షలకు ఆ దశలో చోటు వెతకడం వృథా శ్రమ, రెండు ముక్కలతో ఆపడం ఎవరికైనా కష్టమే. 50 గ్రాముల హద్దులో 10, 100 గ్రాముల హద్దులో 20 నుంచి 25 ఇవ్వొచ్చు. ఆ పైదశకు వచ్చేసరికి ఒక మధ్యరకం యాపిల్, తినే భాగం 180 గ్రాములు, 21 గ్రాముల కార్బ్స్‌తో హాయిగా పడుతుంది.

లేబుల్ దగ్గర ఒక ప్రమాదం ఉంది. అమెరికా లేబుల్ మీద మొత్తం కార్బోహైడ్రేట్లలో పీచు కలిసే ఉంటుంది, కాబట్టి తీసేయాలి. బ్రిటన్, యూరప్ లేబుళ్ల మీద కార్బోహైడ్రేట్ అన్న అంకెలో పీచు ముందే ఉండదు, విడిగా వేస్తారు. ఆ దేశాల గడ్డకట్టిన బెర్రీల ప్యాకెట్ మీద ఉన్న అంకెలోంచి మళ్లీ పీచు తీసేస్తే రాస్ప్‌బెర్రీలో కార్బ్స్ సున్నా కంటే కిందికి పోతాయి. అలా వచ్చిందంటే రెండుసార్లు తీసేశారని అర్థం.

తూకం నిజంగా మెరిసే చోట

టేర్ బటన్ అంటే సున్నా బటన్. ఖాళీ గిన్నె పెట్టి నొక్కితే తెర సున్నాకు వస్తుంది, ఆ తర్వాత వేసినదే కనబడుతుంది. పెరుగు గిన్నె పెట్టి సున్నా చేసి బెర్రీలు వేయండి, మళ్లీ సున్నా చేసి బాదం వేయండి. ఒకే గిన్నెలో రెండు తూకాలు అవుతాయి, తోమాల్సిన గిన్నె ఒకటే. ఇది అందరికీ తెలిసిన వాడకం.

తెలియనిది, పళ్లకు అన్నిటికంటే పనికొచ్చేది, తిరగేసి తూచడం. ద్రాక్షగుత్తిని లేదా బెర్రీల డబ్బాను మొత్తంగా తూకం మీద పెట్టి సున్నా చేయండి. ఇప్పుడు తినాలనుకున్నవి తీస్తూ పోతే తెర మీద మైనస్ 20, మైనస్ 45, మైనస్ 58 అని కనిపిస్తుంది. 58 దగ్గర ఆపేస్తే పది గ్రాముల కార్బ్స్‌కు సరిపడా ద్రాక్ష చేతిలో ఉన్నట్టే. వేరే గిన్నె అక్కర్లేదు, డబ్బా నేరుగా ఫ్రిజ్‌లోకి వెళ్లిపోతుంది. ఎదురుగా పెద్ద గుత్తి పెట్టుకుని తింటూ లెక్కపెట్టుకుందామనుకునేవాళ్లకు ఈ పద్ధతే దిక్కు.

తొక్క, టెంక ఉన్న పళ్లదీ ఇదే కిటుకు. పండు మొత్తం బరువుతో లెక్క వేస్తే ఘోరంగా తప్పుతుంది. అరటిపండు బరువులో మూడో వంతుకు పైగా తొక్కే. పుచ్చకాయ, పైనాపిల్‌లలో పారేసేది దాదాపు సగం. మామిడిలో, అవకాడోలో తొక్క, టెంక కలిపి పావు వంతుకు కాస్త అటూఇటూ. పట్టికల్లోని అంకెలన్నీ తినదగిన భాగానివే కాబట్టి ఒలిచి తూచడమే ఉత్తమం. ఒలిస్తే నల్లబడే అరటి, యాపిల్‌లను మాత్రం ముందు మొత్తంగా తూచి, తిన్నాక తొక్కను, గింజల బొడిపెను తూచి తీసేయండి. మామిడి టెంకకు గుజ్జు అంటుకుని ఉంటే, అది చీకేశాకే టెంకను తూచాలి, ముందు కాదు.

తూకం మాట వినని సందర్భాలు

లోపల ఉండేది చిన్న లోహపు కడ్డీ. బరువు పడినప్పుడు అది కంటికి తెలియనంతగా వంగుతుంది. దానికి అతికించిన సన్నని రేకులో విద్యుత్ నిరోధం మారుతుంది. ఆ మార్పును చిప్ గ్రాములుగా చూపిస్తుంది. ఈ సంగతి తెలిస్తే తూకం ఎందుకు తప్పుతుందో దాదాపు అంతా అర్థమవుతుంది. పొయ్యి మీంచి దించిన వేడి గిన్నె పెడితే కడ్డీ వేడెక్కి అంకె నెమ్మదిగా జారుతుంది. ఫ్రీజర్‌లోంచి తీసిన బరువైన గాజుపాత్ర పెట్టినా అంతే. తడి గుడ్డ మీదో, ఎగుడుదిగుడు రాయి మీదో పెడితే ఒక కాలు గాల్లో ఉండి బరువు తక్కువ చూపిస్తుంది. వెలిగించి ఉన్న ఇండక్షన్ పొయ్యి పక్కన అంకెలు గెంతుతాయి.

వీటన్నిటికంటే మోసపుచ్చేది ఇంకొకటి. చాలా చవకరకం తూకాల్లో సున్నాను తనంతట తాను సరిదిద్దుకునే ఏర్పాటు ఉంటుంది. సున్నా దగ్గర గ్రాము, అరగ్రాము చొప్పున నెమ్మదిగా పెరిగే బరువును అది బరువు అనుకోదు, తన తప్పే అనుకుని మళ్లీ సున్నా చేసేస్తుంది. సున్నా చేసిన గిన్నెలోకి ఎండుద్రాక్షలు ఒక్కొక్కటిగా వేస్తే తెర కదలకపోవడానికి కారణం ఇదే. పది వేశాక కూడా సున్నానే కనిపిస్తే తూకం చెడిపోలేదు, మింగేసింది. విరుగుడు తేలిక: గిన్నెను సున్నా చేయకుండా దాని బరువు గుర్తుపెట్టుకుని, వేశాక వచ్చిన దాంట్లోంచి తీసేయండి. లేదా కావలసినవన్నీ చేతిలోకి తీసుకుని ఒక్కసారిగా వేయండి. ఎండుద్రాక్షకు గ్రాముకు ముప్పావు గ్రాము కార్బ్స్ కాబట్టి ఇక్కడ 6 గ్రాములు పోతే నాలుగున్నర గ్రాముల కార్బ్స్ పోయినట్టే. 20 గ్రాముల హద్దులో ఉన్నవాళ్లకు అది రోజులో దాదాపు పావు వంతు.

రెండో బటన్ కొలమానాలు మార్చేది. చెయ్యి తగిలి ఔన్సుల్లోకి వెళ్లిపోతుంది. 80 గ్రాముల స్ట్రాబెర్రీ 2.8 అని కనిపిస్తే వెంటనే తెలుస్తుంది కాబట్టి పెద్ద ఇబ్బంది లేదు. మిల్లీలీటర్లలోకి వెళ్లినప్పుడే తెలియదు, ఎందుకంటే నీటికి ఆ అంకె గ్రాములకు సమానం. కొన్నిటిలో పాల కోసం విడిగా మిల్లీలీటర్లు ఉంటాయి, అక్కడ కొద్దిగా తేడా వస్తుంది. తూచేముందు తెర మూలన గ్రాముల గుర్తు ఉందో లేదో చూసే అలవాటు చేసుకోండి.

తనంతట తాను ఆరిపోవడం గురించి కొనేవాళ్లు అడగరు, కొన్నాక మాత్రం చికాకుపడతారు. పైనాపిల్ ఒలుస్తూ ఉండగా తెర ఆరిపోయిందంటే సున్నా చేసిన గిన్నె బరువు పోతుంది. మళ్లీ వెలిగించగానే మొత్తాన్నీ సున్నాగా తీసుకుంటుంది. అందుకని ఎక్కువసేపు కోసే పండైతే ముందు కోసి, తర్వాతే తూకం వెలిగించండి. రోజూ వాడే రెండు మూడు గిన్నెల అడుగున వాటి ఖాళీ బరువును చెరగని పెన్నుతో రాసుకుంటే ఈ గొడవే ఉండదు. ఈ ఒక్క పని చేసినవాళ్లు తూకాన్ని అరలో పడేయకుండా నెలల తరబడి వాడతారు.

బ్యాటరీ నీరసించినప్పుడు హెచ్చరిక గుర్తు రాకముందే అంకె నిలకడ తప్పడం మొదలవుతుంది. అదే వస్తువును మూడుసార్లు తీసి పెట్టి చూడండి. రెండు గ్రాములకు మించి తేడా వస్తే ముందు బ్యాటరీ మార్చండి. అప్పటికీ అలాగే ఉంటే 100 లేదా 200 గ్రాముల ప్రామాణిక బరువుతో సరిచూడండి. ప్యాకెట్ మీద రాసిన బరువుతో సరిచూడడం మంచి పద్ధతి కాదు, కవరు బరువు అందులో ఉండదు. నడిమధ్యలోనూ నాలుగు మూలల్లోనూ ఒకే బరువు చూపిస్తుందా అన్నది ఇంకో పరీక్ష. మూలల్లో తేడా ఉంటే గిన్నె ఎప్పుడూ మధ్యలోనే పెట్టండి.

పావు గ్రాము దాకా వెతకొద్దు

దశాంశంలో, అంటే 0.1 గ్రాము చొప్పున చూపించే చిన్న తూకాలు కూడా దొరుకుతాయి. పళ్లకు అవి వద్దు. వాటి సామర్థ్యం సాధారణంగా 200 లేదా 500 గ్రాములే, గిన్నె పెడితేనే నిండిపోతుంది. పళ్లెం అరచేయంత, పుచ్చకాయ ముక్కలు పెడితే పక్కకు జారతాయి. అన్నిటికీ మించి ఆ ఖచ్చితత్వంతో పనే లేదు. స్ట్రాబెర్రీ బరువులో ఒక గ్రాము తప్పితే కార్బ్స్‌లో తేడా 0.06 గ్రాము. అదే స్ట్రాబెర్రీ రకాన్ని బట్టి, పండిన తీరును బట్టి చక్కెర అంతకు ఎన్నో రెట్లు మారుతుంది. పట్టిక ఇచ్చేది సగటు మాత్రమే. యాప్‌లో 9.37 గ్రాములు అని రెండు దశాంశాలతో కనబడేది భరోసా కాదు, అలంకారం.

అరటిపండు ఇందుకు మంచి ఉదాహరణ. పచ్చిగా ఉన్నప్పుడు ఎక్కువ భాగం పిండి, అందులో కొంత చిన్నపేగుల్లో అరగని రకం. మచ్చలు పడేసరికి ఆ పిండి చక్కెరగా మారుతుంది. తూకం రెండిటికీ ఒకే అంకె చూపిస్తుంది, శరీరం మాత్రం ఒకేలా తీసుకోదు. తినాలనే ఉంటే కాస్త దోరగా ఉన్నది 50 గ్రాములు తినండి, మిగతా సగం తొక్కతో సహా చుట్టి పెట్టండి.

బ్లూటూత్‌తో ఫోన్‌కు కలిసే తూకాల మీద మాకు సదభిప్రాయం లేదు. తూచడం వాటిలోనూ ఇదే కడ్డీతో. తేడా అంతా యాప్‌లో. ఆ యాప్‌లలో పళ్ల వివరాలు చాలావరకు వాడేవాళ్లు ఎక్కించినవి. ఒకే పండుకు పది ఎంట్రీలుంటే కొన్ని తప్పుగా ఉండొచ్చు. పచ్చి అంజీర్, ఎండు అంజీర్ ఒకే పేరుతో కనిపిస్తాయి. ‘మధ్యరకం అరటిపండు ఒకటి’ అని నొక్కితే అది 118 గ్రాముల గుజ్జుకు 24 గ్రాముల నెట్ కార్బ్స్ వేసేస్తుంది, చేతిలో ఉన్నది 90 గ్రాములదైనా 160 గ్రాములదైనా దానికి ఒకటే. యాప్ వాడాలనుకుంటే గ్రాముల్లో ఎక్కించే ఎంట్రీలనే వాడండి, 100 గ్రాములకు ఎంత చూపిస్తుందో పైన చెప్పిన అంకెలతో ఒకసారి పోల్చుకోండి.

పండు రూపం మారితే

తూకం అవసరం పచ్చి పండు దగ్గర కంటే రూపం మారిన పండు దగ్గరే ఎక్కువ.

గడ్డకట్టిన బెర్రీలను గడ్డగా ఉన్నప్పుడే తూచాలి. కరిగాక రసం కారుతుంది. ముక్కలు మాత్రమే తూచి, అడుగున ఉన్న రసం కూడా తాగేస్తే ఆ చక్కెర లెక్కలోకి రాదు. పైన మంచు బాగా పట్టి ఉంటే దులిపి తూచండి. మిశ్రమ బెర్రీల ప్యాకెట్‌లో ఏది ఎక్కువుందో చూడాలి. బ్లాక్‌బెర్రీకి 4.3 అయితే బ్లూబెర్రీకి 12, కాబట్టి రెండూ ఒకే సంచిలో ఉన్నంతమాత్రాన ఒకటే అనుకోకూడదు. లేబుల్ అర్థంకాకపోతే 100కు 8 అని వేసుకోండి, పెద్దగా తప్పదు.

చలితో ఎండబెట్టిన కరకరలాడే స్ట్రాబెర్రీ ముక్కలు తేలిగ్గా ఉండి చేతికి బరువు తెలియవు. పది గ్రాములు అంటే దాదాపు 100 గ్రాముల తాజా పండు. చిన్న ప్యాకెట్ ఖాళీ చేసేస్తే పావుకిలో పండు తిన్నట్టవుతుంది, కడుపు మాత్రం నిండదు, నీరు లేదు కదా. తెరిచి ఉంచితే గాలిలో తేమ పీల్చి బరువు పెరుగుతాయి కాబట్టి తీసిన వెంటనే తూచండి. ఎండబెట్టిన క్రాన్‌బెర్రీలలో చాలావరకు పంచదార కలిపినవే, పదార్థాల జాబితాలో అది రెండో స్థానంలోనే కనబడుతుంది. డబ్బాలో వచ్చే పళ్లు పాకంలో నానినవైతే వడకట్టినా ముక్కలోకి దిగిన చక్కెర దిగినట్టే. సొంత రసంలో ఉంచినవైతే వడకట్టి తూచితే లెక్క దాదాపు సరిపోతుంది.

రసం దగ్గర తూకం కూడా కాపాడలేదు. 250 మిల్లీలీటర్ల కమలారసంలో 26 గ్రాముల కార్బ్స్ ఉంటాయి, పీచు దాదాపు ఉండదు. 1977లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక ప్రయోగంలో యాపిల్‌ను పండుగా, గుజ్జుగా, రసంగా ఇచ్చి చూశారు. కార్బోహైడ్రేట్లు సమానమే. రసం పండుకంటే పదకొండు రెట్లు వేగంగా లోపలికి పోయింది, ఆకలి అన్నిటికంటే తక్కువగా తీర్చింది, ఇన్సులిన్‌ను పండుకంటే ఎక్కువ పెంచింది. బరువు తగ్గాలనుకునేవాళ్లకు ఇంతకుమించి చెప్పాల్సింది లేదు. స్మూతీ కూడా దాదాపు ఇదే దారి. ఒక అరటిపండు, 100 గ్రాముల మామిడి, 200 మిల్లీలీటర్ల కమలారసం కలిపి తిప్పితే 58 గ్రాముల కార్బ్స్, రెండు నిమిషాల్లో ఖాళీ. అయినా చేసుకోవాలనుకుంటే మిక్సీ జార్‌ను తూకం మీదే పెట్టి, సున్నా చేసుకుంటూ, 100 గ్రాముల బెర్రీలకు మించకుండా వేసి తియ్యని పెరుగుతోనో నీళ్లతోనో తిప్పండి.

అవకాడో సంగతి వేరు. నెట్ కార్బ్స్ 100 గ్రాములకు 2 కూడా ఉండవు కాబట్టి తక్కువ కార్బ్స్ వాళ్లందరికీ అది ఇష్టమైన పండు. కానీ మామూలు సైజుది ఒకటి మొత్తం తింటే 320 కేలరీలు. రోజుకు రెండు తింటూ బరువు తగ్గడం లేదంటే లోపం కార్బ్స్ లెక్కలో లేదు. స్ట్రాబెర్రీల పక్కన వేసుకునే బాదం కూడా అంతే: 150 గ్రాముల స్ట్రాబెర్రీలు 48 కేలరీలు, పక్కన గుప్పెడు బాదం, 30 గ్రాములు, 170కి పైనే. తూకం ఉన్నది పళ్ల కోసమే అనుకుని గింజలను గుప్పెళ్లతో వేసుకుంటే పడ్డ శ్రమంతా పోతుంది.

ఇంకో మాట, వంటింటి తూకంతో పాటు మనుషుల తూకం కూడా ఎక్కేవాళ్లకు. కార్బ్స్ బాగా తగ్గించి ఉన్న మనిషి ఒక రోజు పళ్లు ఎక్కువ తింటే మర్నాడు అరకిలో నుంచి కిలో దాకా బరువు పెరిగి కనిపించొచ్చు. కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్ (శరీరం దాచుకునే కార్బ్స్ రూపం) నిల్వ అయినప్పుడు ఒక్కో గ్రాముకు మూడు గ్రాముల దాకా నీరు దానితో చేరుతుంది. అది కొవ్వు కాదు, రెండు మూడు రోజుల్లో దిగుతుంది. ఆ అంకె చూసి పళ్లు మానేయకండి.

ఎవరు దూరంగా ఉండాలి

ఇన్సులిన్ గానీ సల్ఫోనైల్‌యూరియా రకం షుగర్ మాత్రలు గానీ వాడుతున్నవాళ్లు కార్బ్స్ తగ్గించే ముందే డాక్టరుతో మోతాదు మార్పించుకోవాలి, లేకపోతే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఎస్‌జీఎల్‌టీ2 రకం షుగర్ మందులు వాడేవాళ్లు డాక్టరు చెప్పకుండా బాగా తక్కువ కార్బ్స్‌లోకి వెళ్లనే కూడదు, కీటోఅసిడోసిస్ (రక్తంలో ఆమ్లాలు ప్రమాదకరంగా పెరిగే స్థితి) ముప్పు ఉంది. మూత్రపిండాల జబ్బు వల్ల పొటాషియం తగ్గించమని చెప్పినవాళ్లకు అవకాడో, అరటి, ఖర్జూరాల్లో కార్బ్స్ కంటే పొటాషియమే పెద్ద సమస్య, తూకం అది చెప్పదు. తిండి విషయంలో ఒకప్పుడు విపరీతమైన భయాలో, తిని కక్కే జబ్బో ఉన్నవాళ్ల చేతికి గ్రాముల తూకం ఇవ్వకపోవడమే మేలు. వాళ్లకు ‘ఒక గుప్పెడు’ అన్న కొలతే క్షేమం.

కొనేటప్పుడు చూడాల్సినవి

తెర పళ్లెం అంచుకు వీలైనంత దూరంగా ఉండాలి. వెడల్పు గిన్నె పెడితే తెర కనబడకపోవడం ఈ వస్తువులో ఎక్కువగా కనిపించే లోపం. అలా ఉన్నది ఇప్పటికే కొని ఉంటే, ముందు పొడవాటి గ్లాసొకటి పెట్టి దాని మీద గిన్నె పెట్టి సున్నా చేయండి, తెర కనిపిస్తుంది. మైనస్ అంకెలు చూపిస్తుందా అని తప్పకుండా పరీక్షించండి, తిరగేసి తూచడానికి అదే ఆధారం. కనీసం రెండు నిమిషాలైనా ఆరకుండా ఉండాలి. బిళ్ల బ్యాటరీల కంటే మామూలు ఏఏఏ బ్యాటరీలతో నడిచేది నయం. పైన గాజు లేదా స్టీలు, బటన్లకు సందులు లేనిదైతే పళ్లరసం లోపలికి దిగదు. మామిడి, ద్రాక్షరసం బటన్ సందులో ఎండితే బటన్ అతుక్కుపోతుంది. తడిగుడ్డతో వెంటనే తుడవాలి, కుళాయి కింద పెట్టకూడదు. దాని మీద వేరే సామాన్లు పేర్చి పెట్టడం కూడా వద్దు, కడ్డీ వంగిపోయి సున్నాకు రాదు.

మూడు నాలుగు వారాలు రోజూ తూచితే 80 గ్రాముల స్ట్రాబెర్రీ, 140 గ్రాముల పుచ్చకాయ కంటికి తెలిసిపోతాయి. అప్పటి నుంచి బ్లూబెర్రీ తప్ప మిగతా బెర్రీలు, పుచ్చకాయ, కర్బూజా, బొప్పాయిలకు తూకం తీయకపోయినా ఫర్వాలేదు, పది గ్రాములు అటూఇటూ అయితే కార్బ్స్‌లో తేడా గ్రాము లోపే. మామిడి, అరటి, ద్రాక్ష, దానిమ్మలకు మాత్రం వారానికి ఒకసారైనా ముందు కంటితో అంచనా వేసి, ఆ తర్వాత తూచి సరిచూసుకోండి. అంచనా 15 గ్రాములకు మించి తప్పితే మళ్లీ వారం పాటు రోజూ తూచండి. ఎండుద్రాక్ష, ఖర్జూరాలను తూచకుండా ఎప్పుడూ తినకండి.